టోబా టేక్ సింగ్‌కు ముందు, తరువాత

హైదరాబాదులో ఎవరి మాటైనా నచ్చకపోతే ఎర్రగడ్డకు పంపాలంటారు. ఉత్తరాదిలో ఆగ్రాకో రాంచీకో పంపాలంటారు. చెన్నైలో కీల్పాక్ అంటారు, కోళిక్కోడ్‌లో కుతిరవట్టం అంటారు. ఇలా ఊరి పేరే తిట్టుగా మారిన చోటల్లా ఒక పిచ్చాసుపత్రి ఉంది. ఎన్నికల సభల్లోనూ శాసనసభల్లోనూ ప్రత్యర్థికి మతి చలించిందనడం ఎంత మామూలైపోయిందంటే, దానిని ఎవరూ ఆరోపణగా కూడా లెక్కించరు. ఎదుటివాడి వాదనకు జవాబు వెతుక్కునే శ్రమను ఆ ఒక్క మాట తప్పిస్తుంది. మతి ఉన్నవారెవరో, లేనివారెవరో నిర్ణయించే అధికారం ఎవరికి, ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఆ నవ్వుల్లో కొట్టుకుపోతుంది. ఈ ఉపఖండంలో ఆ అధికారానికి ఒక చరిత్ర ఉంది. అందులో అన్నిటికంటే విచిత్రమైన ఘట్టం 1950లో భారత, పాకిస్తాన్ సరిహద్దు మీద జరిగింది.

విభజన సమయంలో రెండు ప్రభుత్వాలూ సైన్యాన్ని పంచుకున్నాయి, ఖజానాను పంచుకున్నాయి. కార్యాలయాల్లోని కుర్చీలు, టైపు మిషన్ల దాకా లెక్కలు వేసుకున్నాయి. ఖైదీలను కూడా మతాన్ని బట్టి మార్చుకున్నాయి. చివరికి మిగిలింది పిచ్చాసుపత్రుల్లోని మనుషులు. పంజాబు మొత్తానికి ఉన్న పెద్ద పిచ్చాసుపత్రి లాహోర్‌లో ఉండిపోయింది. తూర్పు పంజాబుకు ఏమీ మిగలక అమృత్‌సర్‌లో కొత్తగా ఏర్పాటు చేయవలసి వచ్చింది. 1950లో అటునుంచి దాదాపు 450 మంది హిందూ, సిక్కు రోగులను ఇటు పంపారు. ఇటునుంచి రెండు వందలకు పైగా ముస్లిం రోగులను అటు పంపారు. వచ్చినవారిలో పంజాబీలు అమృత్‌సర్‌లో ఉండిపోగా, మిగిలినవారిలో చాలామంది అక్కడినుంచి రాంచీ చేరారు.

ఈ లెక్కలో గమనించవలసింది ఒకటుంది. తన పేరు మీద సంతకం పెట్టగల తెలివి లేదని రాజ్యం తీర్మానించిన మనిషికి, మతం మాత్రం ఉందని అదే రాజ్యం గుర్తించింది. ఆస్తి విషయంలో, పెళ్ళి విషయంలో, నేరం విషయంలో అతడి ఇష్టానికి విలువ లేదు. ఏ దేశంలో ఉండాలన్న విషయంలో అతడి ఇష్టాన్ని అడగనే లేదు. ఆసుపత్రి రిజిస్టరులో పేరు పక్కన రాసి ఉన్న మతమే అతడి పౌరసత్వమైంది. బయట లక్షల మందికి అప్పటికే ఇదే జరిగిందని ఎవరైనా అంటే కాదనలేం. అందుకే సాదత్ హసన్ మంటో ఈ సంఘటనను పట్టుకున్నాడు.

మంటో 1948 తొలి రోజుల్లో బొంబాయి వదిలి లాహోర్ వెళ్ళాడు. రాసిన కథల మీద అశ్లీలత కేసులు సరిహద్దుకు రెండు వైపులా ఎదుర్కొన్నాడు. తాగుడు మాన్పించడానికి కుటుంబం ఆయనను లాహోర్ పిచ్చాసుపత్రిలోనే చేర్చింది. 1955 జనవరి 18న, 42 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ‘టోబా టేక్ సింగ్’ కథ ఆ చివరి సంవత్సరాలది. కథలో లాహోర్ పిచ్చాసుపత్రి లోపలికి రోగుల మార్పిడి వార్త చేరుతుంది. పాకిస్తాన్ అంటే ఏమిటో, అది ఎక్కడుందో అక్కడివారికి అర్థం కాదు. తాము కదలకుండా ఉన్నచోటే ఉండి, నిన్నటి దాకా హిందుస్తాన్‌లో ఉన్నవాళ్ళం ఈరోజు పాకిస్తాన్‌లో ఎలా ఉన్నామన్నది వారి సందేహం. ఒకడు చెట్టెక్కి, తాను రెండు దేశాల్లో దేనిలోనూ ఉండనని, చెట్టు మీదే ఉంటానని అంటాడు. ఒకడు తానే జిన్నానని ప్రకటించుకుంటాడు. అది చూసి ఇంకొకడు తాను మాస్టర్ తారాసింగ్‌నంటాడు. ఆ ఇద్దరూ ప్రమాదకరమైన పిచ్చివాళ్ళని నిర్ణయించి అధికారులు వేరు వేరు గదుల్లో పెట్టి తాళం వేస్తారు. మంటో అక్కడ ఒక్క వ్యాఖ్య కూడా చేయలేదు.

కథలో విమర్శకులు అంతగా పట్టించుకోని చిన్న వివరం ఒకటుంది. ఆ ఆసుపత్రిలో ఉన్నవారందరూ పిచ్చివాళ్ళు కారు. కొందరు హంతకులు. ఉరి తప్పించడానికి వారి బంధువులు అధికారులకు లంచమిచ్చి అక్కడ చేర్పించారు. అంటే ఆ గోడల లోపలికి వెళ్ళడానికి పిచ్చి ఒక్కటే దారి కాదు, కాగితం ఉంటే చాలు. పదిహేనేళ్ళుగా నిలబడే ఉన్న బిషన్ సింగ్‌కు తన ఊరు టోబా టేక్ సింగ్ ఏ దేశంలో ఉందో చెప్పగలవారు దొరకరు. చివరికి సరిహద్దులో రెండు ముళ్ళకంచెల మధ్య, ఏ పేరూ లేని నేల మీద అతడు కూలిపోతాడు. దీనిని విభజన విషాదం గురించిన కథగానే సాధారణంగా చదువుతారు. పిచ్చికి రాజ్యం ఇచ్చే నిర్వచనం గురించిన కథగా కూడా చదవవచ్చు. ఆ నిర్వచనం 1950 నాటికి కొత్తది కాదు. దానికి అప్పటికే తొంభై ఏళ్ళు దాటాయి.

అంతకు ముందు మాటలు లేక కాదు. చరక సంహిత ఉన్మాదాన్ని అయిదు రకాలుగా విభజించింది. మనస్సు, బుద్ధి, జ్ఞాపకంతో పాటు శీలం, చేష్ట, ఆచారం తప్పిపోవడాన్ని కూడా దాని లక్షణాల్లో చేర్చింది. ఆచారం అన్న మాట అక్కడ ఉండడం ముఖ్యం. ఎవరి ఆచారం, ఏ కులపు ఆచారం అన్న ప్రశ్న ఆనాడే ఆ వైద్యగ్రంథంలోకి వచ్చి కూర్చుందన్నమాట. జనభాష ఇంకొంచెం ఉదారంగా ఉండేది. బెంగాలులో ఊరూరా పాడుకుంటూ తిరిగే బౌల్ గాయకుల పేరే పిచ్చివాడన్న అర్థం నుంచి వచ్చిందంటారు. అరబ్బీ, ఫారసీ సాహిత్యం నుంచి వచ్చిన మజ్నూ పిచ్చివాడే, ప్రేమికుడూ అతడే. తెలుగులో వేమనకు యోగి అన్న బిరుదుతో పాటు వెర్రివాడన్న పేరూ జనం నోట నిలిచింది. బిడ్డను ముద్దు చేస్తూ పిచ్చితల్లీ అనే భాష ఇది. పాత సమాజం పిచ్చివారిని ప్రేమగా చూసిందని దీనికి అర్థం కాదు. గొలుసులు, కొరడాలు, భూతవైద్యం అప్పుడూ ఉన్నాయి. అయితే ఒకే ప్రవర్తనకు రెండు మూడు పేర్లు పెట్టే వీలు ఉండేది. ఏ పేరు పెట్టాలన్న దాని మీద తగువు పడే వీలూ ఉండేది.

ఆ తగువుకు స్పష్టమైన ఉదాహరణ కలకత్తా పొలిమేరల్లో దొరుకుతుంది. 1855లో ప్రతిష్ఠ జరిగిన దక్షిణేశ్వర కాళీ ఆలయంలో ఒక యువ పూజారి వింతగా ప్రవర్తించసాగాడు. దేవికి పెట్టవలసిన నైవేద్యాన్ని పిల్లికి పెట్టేవాడు, జంధ్యం తీసి పక్కన పెట్టేవాడు, గంటల తరబడి ఏడ్చేవాడు. మతి చెడిందని అందరూ అనుకున్నారు. కవిరాజు గంగాప్రసాద్ సేన్ చేత వైద్యం చేయించారు. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని 1859లో పెళ్ళి చేశారు. 1861లో ఆలయానికి వచ్చిన భైరవీ బ్రాహ్మణి అనే సాధ్వి మాత్రం అది రోగం కాదని, వైష్ణవ శాస్త్రాలు రాధకు, చైతన్యుడికి ఆపాదించిన మహాభావమని వాదించింది. ఆలయ యాజమాన్యం చూసే మథుర్‌బాబు పండితులను పిలిపించి సభ పెట్టించాడు. వారు ఆమెతో ఏకీభవించారు. రోగి కావలసిన మనిషి రామకృష్ణ పరమహంస అయ్యాడు.

ఆ సభ తీర్పు తప్పో ఒప్పో ఇక్కడ అనవసరం. ఆ మూడు నాలుగేళ్ళలోనే అదే కలకత్తా నుంచి వేరొక తీర్పు విధానం దేశమంతటికీ అమల్లోకి వచ్చింది. తిరుగుబాటును అణచి, కంపెనీ చేతి నుంచి పాలనను బ్రిటిష్ రాణి తీసుకున్న 1858లోనే ఉన్మాదులకు సంబంధించిన మూడు చట్టాలు వెలువడ్డాయి. వాటిలో మూడవది, అంటే ఆ ఏటి 36వ చట్టం, పిచ్చాసుపత్రులది. తన పరిధిలో దిక్కులేకుండా తిరుగుతున్న ఉన్మాదులను, ప్రమాదకరంగా తోచినవారిని పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలపడం పోలీసు అధికారి విధి అని అది శాసించింది. కవిరాజు, సాధ్వి, పండితసభ ఉండవలసిన చోట దరోగా వచ్చాడు. దక్షిణేశ్వరంలో ఆలయపు అండ లేని ఒక బిచ్చగాడు అదే విధంగా నడివీధిలో ఏడ్చి ఉంటే, నగరంలో భారతీయుల కోసం ఉన్న దలాందా పిచ్చాసుపత్రికి చేరేవాడు. అతడి పేరు ఎవరికీ తెలిసేది కాదు.

దరోగా కేవలం పట్టుకుని వచ్చేవాడు కాదు. కారణం కూడా అతడే రాసేవాడు. ఈ సంగతి బయటపడిన తీరు వలసపాలన చరిత్రలో అరుదైన నిజాయితీ గల ఘట్టం. గంజాయి వల్ల భారతీయులకు పిచ్చి పడుతోందని, పిచ్చాసుపత్రులు గంజాయి తాగేవారితో నిండిపోయాయని పంతొమ్మిదో శతాబ్దం చివర గట్టి ప్రచారం సాగింది. బ్రిటిష్ పార్లమెంటులో లేచిన ప్రశ్నకు జవాబుగా 1893లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్‌ను నియమించారు. అది 1,193 మంది సాక్షులను విచారించింది. ఆసుపత్రుల వార్షిక నివేదికల్లో ఏటేటా అచ్చవుతున్న గణాంకాలు ఎక్కడినుంచి వస్తున్నాయో వెనక్కి తవ్వింది. రోగిని అప్పగించేటప్పుడు పోలీసులు వెంట తెచ్చే పత్రంలో పిచ్చికి కారణం రాసే గడి ఒకటుంది. గడిని ఖాళీగా వదలకూడదు. రోగి ఎవరో, ఎక్కడివాడో పోలీసుకు తెలియదు. మనిషి కాస్త సాధువులా కనిపిస్తే గంజాయి అని రాస్తే పని అయిపోతుంది. ఆసుపత్రి అధికారి దానినే రిజిస్టరులోకి ఎక్కించేవాడు. రిజిస్టరు నుంచి ప్రాంతీయ నివేదికలోకి, అక్కడినుంచి లండన్ దాకా అది వైద్యశాస్త్ర సత్యంగా ప్రయాణం చేసేది. ఆ గణాంకాలు నమ్మదగినవి కావని, మితంగా వాడే గంజాయి మనసుకు హాని చేస్తుందని చెప్పలేమని కమిషన్ 1894లో తేల్చింది. అయినా ఎర్ర కళ్ళ గంజాయి పిచ్చివాడి బొమ్మ ప్రజల మనసులోంచి పోలేదు. పోలీసు పత్రంలోని గడులు కూడా మాయం కాలేదు.

పాలకజాతిలో కూడా పిచ్చివారు ఉంటారు కదా అన్న చిక్కు ఒకటి మొదటినుంచీ ఉంది. మతి తప్పిన తెల్లవాడు నేటివుల కంట పడితే పరువు దక్కదు. అందుకని కంపెనీ రోజుల నుంచే వారిని ఓడ ఎక్కించి ఇంగ్లండుకు పంపేవారు. 1870 నుంచి 1892 దాకా లండన్ శివారు ఈలింగ్‌లో వారి కోసం ప్రత్యేకంగా ఒక ఆసుపత్రే నడిచింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1918లో, రాంచీలో యూరోపియన్ల పిచ్చాసుపత్రి తెరిచారు. లాహోర్ కథలో మంటో పెట్టిన ఇద్దరు ఆంగ్లో ఇండియన్ రోగులు, తెల్లవాళ్ళు దేశం వదిలిపోతే ఆసుపత్రిలో యూరోపియన్ వార్డు ఉంటుందా, పొద్దున అల్పాహారం ఏమవుతుందని రహస్యంగా చర్చించుకోవడం వెనుక ఇంత చరిత్ర ఉంది.

రాంచీ ఆసుపత్రిని చాలాకాలం నడిపిన ఓవెన్ బర్క్‌లీ హిల్ సమర్థుడైన వైద్యుడు. అక్కడి రోగుల పరిస్థితిని చాలా మెరుగుపరిచాడు. అదే మనిషి 1921లో హిందువుల మతాన్ని, తత్త్వాన్ని, స్వభావాన్ని మొత్తంగా ఒక మనోవికారపు లక్షణంగా విశ్లేషిస్తూ వ్యాసం రాశాడు. భారత సైన్యంలో అధికారిగా ఉండి ఫ్రాయిడ్ దగ్గర మనోవిశ్లేషణ చేయించుకున్న క్లాడ్ డేలీ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. విప్లవకారుల మనస్తత్వం మీద 1930లో అంతర్జాతీయ మనోవిశ్లేషణ పత్రికలో వ్యాసం రాస్తూ స్వాతంత్ర్య కాంక్షను మానసిక రుగ్మత భాషలోకి దించాడు. అది ఉప్పు సత్యాగ్రహం జరిగిన సంవత్సరం. ఈ ఇద్దరూ కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లో స్థాపించిన మనోవిశ్లేషణ సంఘంలో సభ్యులే. బోస్ మాత్రం ఫ్రాయిడ్‌తోనే ఈడిపస్ సిద్ధాంతం మీద ఉత్తరాల్లో వాదించాడు. యూరపు మనసుకు కుట్టిన చొక్కా బెంగాలీ మనసుకు అదే కొలతతో సరిపోదన్నది ఆయన పక్షం. ఆయన వాదనను పూర్తిగా ఒప్పుకోకపోయినా, పాలకుడి శాస్త్రాన్ని పాలితుడు తిరిగి పరీక్షించిన సందర్భంగా దానికి విలువ ఉంది.

ఈలోగా 1858 చట్టం స్థానంలో 1912 ఉన్మాదుల చట్టం వచ్చింది. ఆసుపత్రులను జైళ్ళ శాఖ నీడ నుంచి తప్పించి వైద్యుల చేతికి అప్పగించింది. కొద్ది ఏళ్ళకు అసైలం అన్న పేరు తీసేసి మెంటల్ హాస్పిటల్ అన్నారు. నిర్వచనం మాత్రం ఎక్కడిదక్కడే. మందమతి గాని, మతిస్థిమితం లేనివాడు గాని ఉన్మాది అని చట్టం చెబుతుంది. మతిస్థిమితం అంటే ఏమిటో చెప్పదు. గోడలకు సున్నం వేశారు, పునాది కదపలేదు. దేశం రెండుగా, తరువాత మూడుగా చీలినప్పుడు అన్నీ పంచుకున్న ప్రభుత్వాలు ఈ నిర్వచనాన్ని మాత్రం పంచుకోకుండా ఉమ్మడిగా ఉంచుకున్నాయి. 1912 చట్టం భారతదేశంలో 1987 చట్టం అమల్లోకి వచ్చిన 1993 దాకా బతికింది. పాకిస్తాన్‌లో 2001 దాకా, బంగ్లాదేశ్‌లో 2018 దాకా బతికింది. మూడు దేశాలు, మూడు జాతీయగీతాలు, ఉన్మాదికి మాత్రం ఒకే నిర్వచనం.

భారత రాజ్యాంగం కూడా ఆ మాటను వారసత్వంగా పుచ్చుకుంది. మతిస్థిమితం లేదని తగిన న్యాయస్థానం ప్రకటించిన వ్యక్తి పార్లమెంటు సభ్యుడు కాకూడదని 102వ అధికరణం చెబుతుంది. వయోజన ఓటుహక్కును ప్రసాదించిన 326వ అధికరణం, దానిని తొలగించగల కారణాల్లో మతిస్థిమితం లేకపోవడాన్ని పేర్కొంది. దాని వెంటే వచ్చిన 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ఆ అనర్హతను ఓటర్ల జాబితాకు వర్తింపజేసింది. రాజ్యాంగం అమలైన 1950లోనే రోగుల మార్పిడి జరిగిందని గుర్తుచేసుకోవాలి. ఎవరు పౌరులో రాసుకుంటున్న చేతులే, ఎవరు పూర్తి పౌరులు కారో కూడా రాసుకున్నాయి. 1955 హిందూ వివాహ చట్టంలోనూ ఇదే మాట విడాకులకు కారణంగా నిలిచింది. 1976 సవరణ దానికి అసాధారణమైన దూకుడు, తీవ్రమైన బాధ్యతారాహిత్యం వంటి వర్ణనలను జోడించింది. ఎదురు మాట్లాడే భార్య మీద ఆ మాటలు ఎంత సులువుగా అతుకుతాయో చెప్పనక్కరలేదు.

మంటో కథ ముగిసిన చోట నిజజీవితం ముగియలేదు. అసోంలోని మరిగావ్ ప్రాంతానికి చెందిన మచల్ లాలుంగ్ అనే గిరిజన యువకుడిని, ఒకరిని తీవ్రంగా గాయపరిచాడన్న ఆరోపణ మీద 1951లో అరెస్టు చేశారు. విచారణ లేకుండానే తేజ్‌పూర్ పిచ్చాసుపత్రికి పంపారు. అప్పటికి ఆయన వయసు 23. ఆయన ఆరోగ్యంగా ఉన్నారని, విచారణ జరపవచ్చని ఆసుపత్రి 1967లో రాసింది. ఆ కాగితం మీద ఎవరూ చర్య తీసుకోలేదు. ఆయన విడుదలైంది 2005 జులైలో, ఒక్క రూపాయి సొంత పూచీకత్తు మీద. లోపల గడిచింది 54 ఏళ్ళు. ఆరోపణ రుజువై ఉంటే పడగల శిక్షను ఎన్నో ఏళ్ళ క్రితమే దాటిపోయిన కాలమది. సుప్రీంకోర్టు ఆదేశంతో రాష్ట్ర ప్రభుత్వం మూడు లక్షల రూపాయల పరిహారం ఇచ్చింది. 2007లో ఆయన మరణించారు. పిచ్చివాడని రాసిన కాగితానికి ఉన్న బలం, పిచ్చి లేదని రాసిన కాగితానికి లేకపోయింది. బిషన్ సింగ్ పదిహేనేళ్ళు నిలబడ్డాడని చదివి అది కల్పన అనుకున్నవారికి వాస్తవం ఇచ్చిన జవాబు ఇది.

నేరం చేయని మానసిక రోగులను జైళ్ళలో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని పాత్రికేయురాలు షీలా బర్సే వేసిన కేసులో సుప్రీంకోర్టు 1993లో చెప్పేదాకా ఆ పద్ధతి సాగింది. దర్గా మహిమతో నయమవుతుందన్న ఆశతో బంధువులు తెచ్చి వదిలిన రోగుల్లో 28 మంది, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో జరిగిన అగ్నిప్రమాదంలో బలయ్యారు. కాళ్ళకు గొలుసులు ఉండడం వల్ల వారు పారిపోలేకపోయారు. రాజ్యం వదిలేసిన చోట విశ్వాసం ఆదుకుంటుందని చెప్పేవారు ఆ గొలుసులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరుసటి ఏడు మే 29న అమల్లోకి వచ్చింది. అందులోని మూడవ సెక్షన్‌ను రాజకీయాలు పట్టించుకునే ప్రతివారూ ఒకసారి చదవాలి. ఒక వ్యక్తి రాజకీయ, ఆర్థిక, సామాజిక స్థాయిని బట్టి గాని, సాంస్కృతిక, జాతి, మత సమూహాన్ని బట్టి గాని మానసిక రోగం ఉందని నిర్ణయించరాదని అది చెబుతుంది. చుట్టూ ఉన్న సమాజం నైతిక, సాంస్కృతిక, రాజకీయ విలువలతో, మతవిశ్వాసాలతో ఏకీభవించకపోవడం రోగానికి ఆధారం కాదని స్పష్టంగా రాసింది. చరకుడి జాబితాలోని ఆచారం, బర్క్‌లీ హిల్ వ్యాసంలోని హిందూ స్వభావం, డేలీ చూసిన విప్లవకారుడు, అన్నిటినీ ఒక్క సెక్షన్‌తో చట్టం పక్కకు పెట్టింది. రోగం ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేదని అర్థం కాదని, ఆ మాట న్యాయస్థానం చెప్పాలని కూడా చేర్చింది. మరుసటి సెప్టెంబరులో స్వలింగ సంబంధాలను నేరం కాదని ప్రకటించిన తీర్పులో న్యాయమూర్తులు ఈ చట్టాన్ని ప్రస్తావించారు.

అయితే రాజ్యాంగంలోని పాత మాట అలాగే ఉంది. ఓటర్ల జాబితా నిబంధనా అలాగే ఉంది. న్యాయస్థానం ప్రకటన లేకుండా ఎవరి పేరూ తొలగించరాదన్నది నిబంధన. ఆచరణలో ఆసుపత్రి లోపల ఉన్నవారిని ఓటర్లుగా భావించినవారే దశాబ్దాల పాటు తక్కువ. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఏప్రిల్ 18న చెన్నై కీల్పాక్ మానసిక ఆరోగ్య సంస్థ ఆవరణలో పోలింగ్ కేంద్రం ఏర్పాటు చేశారు. అక్కడ చికిత్స పొందుతున్నవారు వరుసలో నిలబడి, వేలికి సిరా వేయించుకుని ఓటు వేశారు. అదే ఎన్నికల ప్రచారంలో దేశం నలుమూలలా వేదికల మీద నాయకులు ఒకరి మతి గురించి ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు.